షాఫ్ట్ మీది అక్షరాన్ని పక్కన పెట్టండి: డ్రైవర్ షాఫ్టులు పోల్చుకునే పద్ధతి

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ (కర్ర) డ్రైవర్. దాని గ్రిప్‌కీ తలకీ మధ్య ఉండే పొడవాటి కడ్డీ షాఫ్ట్. పోయిన ఆదివారం పొద్దున్నే బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. గుంటూరు వాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతిలో పాత బెడ్‌షీట్, దాంట్లో చుట్టిన మూడు డ్రైవర్ షాఫ్టులు. ఒకటి డ్రైవర్‌తో పాటు వచ్చింది. రెండోది డాలస్‌లో ఉన్న బావ పంపించాడు. మూడోది ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. "అన్నా, మూడూ ఎస్ ఫ్లెక్సే. ఏది పెట్టుకోమంటారు?" అన్నాడు. ఫ్లెక్స్ అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే అక్షరం: ఆర్ మామూలుది, ఎస్ గట్టిది, ఎక్స్ ఇంకా గట్టిది.

మూడింటినీ ఒక్కొక్కటిగా ఫ్రీక్వెన్సీ మెషిన్‌లో బిగించి, కొస లాగి వదిలాను. 247, 255, 264 వచ్చాయి. అంటే నిమిషానికి అన్నిసార్లు ఊగాయన్నమాట. మొదటిదాన్ని చాలా కంపెనీలు ఆర్ అనే అంటాయి. మూడోది ఎక్స్‌కి దగ్గర. మూడింటి మీదా ఉన్న అక్షరం మాత్రం ఒకటే.

ఫ్లెక్స్‌కి ఐఎస్‌ఐ మార్కు లాంటిదేమీ లేదు. ఏది ఆర్, ఏది ఎస్, ఏది ఎక్స్ అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్న లెక్క. ఒక షాపులో ఎల్ సైజు చొక్కా సరిపోయిందని ఇంకో షాపులో ఎల్ వేసుకుని చూడకుండా కొంటామా? షాఫ్టులు పోల్చేటప్పుడు నేను ఒక వరస పాటిస్తాను. ముందు బరువు, తర్వాత అది ఎక్కడ ఎంత వంగుతుంది, ఆ తర్వాత పొడవు. అక్షరం అన్నిటికన్నా ఆఖరున. ఈ వరసలో మీ అంతట మీరు ఎలా పోల్చుకోవచ్చో చెప్తాను. చివరికి క్లబ్బులు కొలిచి అమర్చే ఫిట్టర్ దగ్గరికే వెళ్ళినా, ఆయన ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో మీకు తెలుస్తుంది.

ముందు మీ చేతిలో ఉన్నదాన్ని కొలవండి

కొత్త షాఫ్ట్ ముట్టుకునే ముందు పాతదాని లెక్కలు కాగితం మీద పెట్టండి. వంటింట్లో కేకులకు పిండి తూచే చిన్న డిజిటల్ కాటా చాలు. డ్రైవర్‌ని దాని మీద అడ్డంగా పెట్టి మొత్తం బరువు చూడండి. 300 నుంచి 320 గ్రాముల మధ్య వస్తుంది. అందులో తల 200 దరిదాపుల్లో, గ్రిప్ 50 దాకా ఉంటే మిగిలింది షాఫ్ట్, స్లీవ్ (షాఫ్ట్ కొసకు అతికించి తలలో బిగించే లోహపు గొట్టం).

తర్వాత పొడవు. బంతి ముందు నిలబడినప్పుడు డ్రైవర్ ఎలా ఆనుతుందో అలాగే నేల మీద ఆనించి, మడమ వైపు (తలలో షాఫ్ట్ దూరే వైపు; దాని ఎదుటి కొస ముక్కు) నేల నుంచి షాఫ్ట్ వెనక వెంబడి గ్రిప్ టోపీ అంచుదాకా టేపు పట్టండి. షాపులో కొన్నదైతే 45.5 లేదా 45.75 అంగుళాలు ఉంటుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

ఇక మూడోది, కాటాకీ టేపుకీ దొరకనిది. మీ బంతి చెడినప్పుడు ఎటు పోతుంది? బాగా తగిలినప్పుడు ఎటు పోతుందని అడగడం లేదు. క్రికెట్ ఆడి పెరిగిన మనవాళ్ళు నా దగ్గరికి వస్తే పదిమందిలో ఏడెనిమిది మందికి స్లైసే, అంటే బంతి కుడివైపు వంకర తిరగడమే. బ్యాట్ ముఖాన్ని బంతికి ఎదురుగా నిలిపి ఉంచే అలవాటు గోల్ఫ్‌లో ముఖాన్ని తెరిచి వదిలేస్తుందని నా అనుమానం. అయితే ఒక మాట ముందే చెప్పేస్తాను. క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తూ వస్తున్న స్వింగ్‌ని ఏ షాఫ్టూ బాగుచేయదు. బంతి ప్రతిసారీ ముప్పై నలభై యార్డులు వంకర తిరుగుతుంటే షాఫ్ట్ డబ్బు ముందు కోచ్‌కి ఇవ్వండి. ఇలా చెప్పి నేను పోగొట్టుకున్న బేరాలు తక్కువేం కాదు.

షాఫ్ట్ మీద రాసింది చదవడం

షాఫ్ట్ తయారీ ఒక్కసారి కళ్ళ ముందు కనబడితే దాని మీది రాతలు సగం అర్థమవుతాయి. రెజిన్ పట్టించిన కార్బన్ ఫైబర్ షీట్లను ముక్కలుగా కత్తిరించి, ఒక కొస సన్నగా ఉండే ఉక్కు కడ్డీ చుట్టూ చుడతారు. మన కడప, నిజామాబాద్ వైపు బీడీ చుట్టడం చూసినవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. ఆకుని ఒక కోణంలో కత్తిరించి, ఒక కొస సన్నగా వచ్చేలా చుట్టడమే. తర్వాత ఓవెన్‌లో పెట్టి గట్టిపరిచి, కడ్డీ లాగేసి, సానబట్టి రంగు వేస్తారు. పీచు పొడవునా నిటారుగా ఉన్న పొరలు వంపుని అదుపు చేస్తాయి. 45 డిగ్రీల ఏటవాలుగా వేసిన పొరలు మెలితిరగడాన్ని అదుపు చేస్తాయి. ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదే ఒక షాఫ్ట్‌కీ ఇంకోదానికీ అసలు తేడా. రంగు కింద దాక్కున్న ఆ సంగతి అక్షరంలో కనబడదు.

పీచు గట్టిదనాన్ని టన్నుల్లో చెప్తారు. 24 టన్నులది మామూలు రకం, 40 టన్నులు ఆపైన ఉన్నది చాలా బిరుసు. అలాగని షాఫ్ట్ మొత్తం 40 టన్నులదే పెట్టరు. బిరుసు పెరిగేకొద్దీ పెళుసుదనం కూడా పెరుగుతుంది. అందుకే అవసరమైన చోట పొరలుగా వాడతారు. "ఫలానా టన్నుల కార్బన్" అని ప్రకటనలో కనిపిస్తే ఎక్కడ వాడారని అడగండి. అమ్మేవాడు తడబడితే ఆ టన్నుల మాట వదిలేయండి.

పేరు పక్కన 5, 6, 7 అని ఉండే అంకె బరువు తరగతి. 6 అంటే అరవై గ్రాముల తరగతి అనే తప్ప సరిగ్గా 60 అని కాదు. 61 ఉండొచ్చు, 67 కూడా ఉండొచ్చు. పైగా అది 46 అంగుళాల కోయని షాఫ్ట్ బరువు. కోస్తే అంగుళానికి గ్రాము పైన తగ్గుతుంది.

రంగులకు ఒక ఆనవాయితీ ఉంది. మిత్సుబిషి డయామానాలో తెలుపు అంటే బంతి కిందుగా, నీలం మధ్యస్తంగా, ఎరుపు పైకి లేస్తుందని లెక్క. అదే కంపెనీ టెన్సేలోనూ దాదాపు అదే దారి. ఫుజికురా వెంటస్‌లో కిందుగా పోయేది నలుపు, నీలం మధ్యలో, ఎరుపు పైన. ఇంకో చిక్కు ఏమిటంటే, డ్రైవర్‌తో పాటు వచ్చే షాఫ్ట్, విడిగా కొనే షాఫ్ట్ ఒకే పేరుతో, దాదాపు ఒకే రంగుతో ఉండి లోపల వేరుగా ఉండొచ్చు. వెంటస్‌లో కొన్ని డ్రైవర్లతో వచ్చినవాటిలో ఆ కంపెనీ చెప్పుకునే వెలోకోర్ నిర్మాణం లేదు. విడిగా కొన్నదాని మీద ఆ మాట ముద్రించి ఉంటుంది. కాబట్టి "నా స్నేహితుడి వెంటస్ కొట్టి చూశా, నచ్చలేదు" అని తీర్పు ఇచ్చే ముందు అది ఏ వెంటసో చూడండి.

టార్క్ గురించి పొడుగ్గా చెప్పను. షాఫ్ట్ ఎన్ని డిగ్రీలు మెలితిరుగుతుందో చెప్పే అంకె అది. డ్రైవర్ షాఫ్టుల్లో ఎక్కువగా 3కీ 6కీ మధ్య ఉంటుంది. కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు. కాబట్టి ఒకే కంపెనీ షాఫ్టుల మధ్య తప్ప ఈ అంకెని పోల్చకండి. అంకె మరీ తక్కువైతే కొందరికి చేతికి రాయి తగిలినట్టు ఉంటుంది. అంతకుమించి దాని మీద టెన్షన్ పడాల్సిన పని లేదు.

ముందు బరువు తేల్చుకోండి

కావడి మోసేవాళ్ళని చూశారా? బద్ద ఎంత వంగాలన్నది మోసే బరువుని బట్టి, నడకని బట్టి ఉంటుంది. బరువుకి తగని బద్ద అయితే నడక తప్పుతుంది, కుండ తొణుకుతుంది. షాఫ్ట్ బరువు చేసే పని కూడా ఇలాంటిదే. చేతులకు క్లబ్ ఎక్కడుందో తెలియజేసేది ముందు బరువే. వంపు సంగతి తర్వాత.

తేలిక షాఫ్ట్ పెడితే స్వింగ్ వేగం పెరిగి బంతి దూరం పోతుందని చాలామంది నమ్మకం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండే నెల్లూరు అంకుల్ ఒకాయన బ్యాంకులో రిటైరయ్యారు, వారానికి మూడు రోజులు ఆడతారు. వయసు పెరిగింది కదా అని 45 గ్రాముల షాఫ్ట్ వేయించుకుని వచ్చారు. మొదటి పది బంతుల్లో వేగం నిజంగానే ఒక మైలు పెరిగింది. కానీ బంతులు పెళ్ళి పందిట్లో పిల్లల్లా తలో దిక్కుకీ పోయాయి. క్లబ్ పైకి వెళ్ళాక అది ఎక్కడుందో చేతులకు తెలియక, కిందికి వచ్చేటప్పుడు ఆయన విసిరేస్తున్నారు. 58 గ్రాములది పెట్టి కొట్టించాను. వేగం అర మైలు తగ్గింది, బంతి ముఖం మధ్యలో తగలడం మొదలైంది. "ఏమయ్యా, ముసలివాణ్ణి చేసి తేలికది ఇచ్చింది ఎవరు మరి?" అన్నారు. ఎవరో ఇవ్వలేదు, చార్టులో ఆయన వయసు చూసి ఆయనే ఎంచుకున్నారు.

అయితే ఎలా తేల్చుకోవాలి? ఒకే తల, ఒకే లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం), వీలైతే ఒకే కంపెనీ ఒకే రకం షాఫ్ట్‌లో 50, 60, 70 తరగతులు మూడూ తీసుకోండి. ఫ్లెక్స్ కూడా ఒకటే ఉంచండి. మూడూ ఒకే పొడవు. షాఫ్ట్ మారితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల వైపు ఎంత బరువు అనిపిస్తుందో చెప్పే కొలత) కూడా మారుతుంది, అది సరిచేయకపోతే మీరు పోలుస్తున్నది షాఫ్ట్‌ని కాదు. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది: షాఫ్ట్ 9 గ్రాములు అటూఇటూ అయితే ఒక పాయింట్, తలలో 2 గ్రాములు మారితే ఒక పాయింట్, పొడవు అర అంగుళం మారితే మూడు పాయింట్లు. గ్రిప్ 4, 5 గ్రాములు బరువెక్కితే ఒక పాయింట్ తగ్గుతుంది. తేలిక షాఫ్ట్ పెట్టినప్పుడు తల అడుగున 2 గ్రాముల సీసం టేపు అంటిస్తే లెక్క సరిపోతుంది.

ఒక్కోదానితో విడతకు ఆరేడు బంతుల చొప్పున కొట్టండి. బరువు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? మొదటి పదిహేను బంతుల్లో తెలియదు. చివర్లో, భుజాలు అలిసినప్పుడు బంతి కుడివైపుకు జారడం మొదలుపెడితే అదే గుర్తు. తక్కువైతే ఎడమ ఒకటి, కుడి ఒకటి, వరస ఉండదు. అందుకే బరువు పరీక్ష ఎప్పుడూ అలసట వచ్చేదాకా సాగాలి. షోరూంలో పది నిమిషాల్లో తేలేది కాదు.

ఇప్పుడు వంపు

షాపులో షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని ఊపి, కొస నేలకు నొక్కి "ఇది స్టిఫ్" అనేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. నేనూ మొదట్లో అదే చేసేవాణ్ణి అనుకోండి. ఆ ఊపులో తెలిసేది గ్రిప్ వైపు సగం మాత్రమే. ఫ్రీక్వెన్సీ మెషిన్ కూడా ఎక్కువగా ఆ వైపు గట్టిదనాన్నే చెప్తుంది. రెండు షాఫ్టులు మెషిన్ మీద 255 చూపించొచ్చు. ఒకటి చేతి దగ్గర మెత్తగా, కొస బిరుసుగా ఉంటుంది. ఇంకోటి దానికి సరిగ్గా తలకిందులు. వాటితో కొట్టినప్పుడు రెండూ వేరే వేరే క్లబ్బులే.

స్వింగ్‌లో ఏం జరుగుతుందో చూడండి. పైనుంచి కిందికి మొదలుపెట్టగానే తల వెనకబడుతుంది, షాఫ్ట్ వెనక్కి వంగుతుంది. బంతి దగ్గరికి వచ్చేసరికి సంగతి మారిపోతుంది. తల గరిమనాభి షాఫ్ట్ గీత మీద ఉండదు, కాస్త వెనక, కాస్త బయట ఉంటుంది. తిరుగుడు వేగం దాన్ని చేతులతో ఒకే గీతలోకి లాగాలని చూస్తుంది. అందువల్ల బంతి తగిలే సమయానికి షాఫ్ట్ ముందుకు వంగి ఉంటుంది, తల ముక్కు కిందికి వాలి ఉంటుంది. ముందుకు వంగితే లాఫ్ట్ కాస్త పెరుగుతుంది, ముఖం కాస్త మూసుకుంటుంది. కొస మెత్తగా ఉంటే ఇది ఎక్కువ, బిరుసుగా ఉంటే తక్కువ. కిందుగా పోయే షాఫ్ట్, పైకి లేచే షాఫ్ట్ అనే మాటల వెనక ఉన్నది ఇంతే. కిక్ పాయింట్ అని ప్రకటనల్లో చెప్పేది దీనికి పొట్టి పేరు. షాఫ్ట్‌లో ఒకచోట బందు ఉన్నట్టు, అక్కడే మడత పడుతున్నట్టు ఊహించుకోకండి.

తేడా ఎంత ఉంటుంది? ఒకే తలతో షాఫ్ట్ మారిస్తే నా దగ్గర సాధారణంగా కనిపించేది లాంచ్‌లో (బంతి లేచే కోణంలో) ఒక డిగ్రీ, స్పిన్‌లో నిమిషానికి రెండు మూడు వందల చుట్లు. స్లీవ్ తిప్పి లాఫ్ట్ మార్చితే కూడా ఇంత తేడా తెచ్చుకోవచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. కాబట్టి బంతి ఎత్తు కోసం షాఫ్ట్ కొనకండి, ముందు స్లీవ్ తిప్పి చూడండి. షాఫ్ట్ వంపు మీకు ఇచ్చేది వేరే. క్లబ్ ఎప్పుడు వస్తుందో ముందే తెలిసే నమ్మకం, బంతి ముఖం మధ్యలో తగలడం.

మీ స్వింగ్‌కి ఏది నప్పుతుందో మొదటి అంచనా ఇలా వేసుకోండి. పైన ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా మొదలుపెట్టి చివర్లో వేగం అందుకునేవాళ్ళకు గ్రిప్ వైపు కాస్త మెత్తగా ఉన్నది హాయిగా ఉంటుంది. పైనుంచి చెర్నాకోల ఝళిపించినట్టు ఒక్కసారిగా లాగేవాళ్ళకు గ్రిప్ వైపు గట్టిగా ఉండాలి, లేకపోతే క్లబ్ వెనకే ఉండిపోయినట్టు అనిపిస్తుంది. వేగం ఒకటే అయినా, ఉదాహరణకి గంటకు 95 మైళ్ళే అయినా, ఈ ఇద్దరికీ ఒకే షాఫ్ట్ పనికిరాదు. వేగాన్ని బట్టి 75 నుంచి 90 దాకా ఆర్, 90 దాటితే ఎస్, 105 దాటితే ఎక్స్ అని చార్టులు చెప్పేదాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడండి.

కొట్టి చూసే రోజు

పొద్దున వెళ్ళండి. కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్) రేంజ్ అయినా, మీకు అందుబాటులో ఉన్న ఇంకో ప్రాక్టీసు మైదానం అయినా, బంతి వేగం, స్పిన్ కొలిచే లాంచ్ మానిటర్ ఉన్న బే (కొట్టే గది) అయినా సరే, మీరు ఆడే బంతులు పది పన్నెండు వెంట తీసుకెళ్ళండి. అరిగిపోయిన రేంజ్ బంతితో స్పిన్ లెక్కలు నమ్మడానికి లేదు. లోపలి బేలో అయితే వెనక్కి తెచ్చుకోవడం తేలిక. బయట అయితే సిబ్బందిని అడగండి, ఒక్కోచోట ఒప్పుకోరు.

షాఫ్టుల మీద బొమ్మలు, పేర్లు కనబడకుండా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేయండి. వెనకున్నవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. 300 డాలర్లు దాటే షాఫ్ట్ పేరు కళ్ళ ముందుంటే ఎవరైనా దాన్ని గెలిపించాలనే కొడతారు. ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళి, ఏది ఏదో అతనికి మాత్రమే తెలిసేలా చేయండి.

పదిహేను బంతులు మీ పాత డ్రైవర్‌తో కొట్టి ఒళ్ళు వేడెక్కించుకోండి. తర్వాత వరస ఒకటి, రెండు, మూడు, మళ్ళీ మూడు, రెండు, ఒకటి. ఇలా వెనక్కి రావడం ఎందుకంటే, మొదట కొట్టినదానికి చలి చేతులు, చివర కొట్టినదానికి అలసిన భుజాలు వస్తాయి. రెండు వైపుల నుంచీ కొడితే ఆ అన్యాయం సమానమవుతుంది. ఒక్కోసారి ఆరు బంతులు, మధ్యలో రెండు నిమిషాలు విరామం. టీ ఎత్తు మార్చకండి.

ప్రతి బంతి మీదా ముఖానికి తగిలే వైపు వైట్‌బోర్డు మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. డ్రైవర్ ముఖం మీద ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది మాత్రం తప్పకుండా చేయండి. ముక్కు వైపు తగిలిన బంతి ఎడమకి, మడమ వైపు తగిలింది కుడికి వంకర తిరుగుతుంది. ముఖం పైభాగాన తగిలితే స్పిన్ తగ్గుతుంది, కిందుగా తగిలితే పెరుగుతుంది. "ఈ షాఫ్ట్ స్పిన్ ఎక్కువ" అని మీరు అనుకున్నది నిజానికి ఆ షాఫ్ట్‌తో మీరు ముఖం కిందిభాగంలో కొట్టడం వల్ల కావచ్చు. అప్పుడు అడగాల్సింది "ఎందుకు కిందుగా తగులుతోంది?" అని. జవాబు చాలాసార్లు బరువులోనో పొడవులోనో దొరుకుతుంది.

మానిటర్ మీద ఇరవై అంకెలు వస్తాయి. నేను చూసేవి నాలుగు: బంతి వేగం, లాంచ్, స్పిన్, పక్కకు ఎంత పోయింది. స్వింగ్ 90, 95 మైళ్ళ మధ్య ఉండి లాంచ్ 12 నుంచి 15 డిగ్రీలు, స్పిన్ 2,300 నుంచి 2,900 మధ్య వస్తుంటే నేను ఇక తవ్వను. టూర్ ఆటగాళ్ళ అంకెలతో పోల్చుకోకండి. లాంచ్ మానిటర్లు చేసే ట్రాక్‌మ్యాన్ కంపెనీ చాలాకాలం చూపిస్తూ వచ్చిన పీజీఏ టూర్ సగటులో లాంచ్ 10.9 డిగ్రీలు, స్పిన్ 2,686. కానీ వాళ్ళ క్లబ్ వేగం 113 మైళ్ళు. 90 మైళ్ళ వేగంతో 10.9 లాంచ్ చేస్తే బంతి తొందరగా నేలకు దిగుతుంది.

బెంగళూరులో ఇంకో సంగతి కలుస్తుంది. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచన, బంతి కాస్త దూరం పోతుంది. వెయ్యి అడుగులకు ఒక శాతం పైన అనుకోండి. ఇక్కడ 220 యార్డులు పోయిన బంతి చెన్నైలో 213 దగ్గర ఆగుతుంది. పలచని గాలిలో వంకర కూడా తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ మర్యాదగా ఉన్న స్లైస్ చెన్నై గిండీలో ఆడినప్పుడు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. బేలో ఆడేటప్పుడు మానిటర్‌లో ఎత్తు ఎంత పెట్టారో అడగండి. ఒక రోజు సముద్రమట్టం, ఇంకో రోజు 3,000 అడుగులు పెట్టి పోల్చితే కొత్త షాఫ్ట్ ఊరికే ఏడెనిమిది యార్డులు ఎక్కువ కొట్టినట్టు కనబడుతుంది. అమ్మేవాడికి అది అభ్యంతరం కాదు.

ఇక తీర్పు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. అన్నిటికన్నా దూరం పోయిన ఒక్క బంతిని పట్టుకుని దాని షాఫ్ట్ కొంటారు. మారతహళ్ళి కుర్రాడి కాగితం చూడండి. మూడో షాఫ్ట్‌తో ఒక బంతి 251 యార్డులు పోయింది, గంతులేశాడు. కానీ ఆ షాఫ్ట్‌తో కొట్టిన పన్నెండు బంతుల్లో ఎడమ చివరిదానికీ కుడి చివరిదానికీ మధ్య 58 యార్డులు. రెండోదానికి సగటు 224, వెడల్పు 45. మొదటిదానికి సగటు 221, వెడల్పు 33. ఫెయిర్‌వే (బంతి పడాల్సిన కోసిన గడ్డి బాట) వెడల్పు ముప్పై, ముప్పైఅయిదు యార్డులు ఉంటే గొప్ప. ఏది పెట్టుకోవాలో మీరే చెప్పండి. పూర్తిగా నేలని తవ్విన బంతి ఒకటీ అరా తీసేయండి తప్ప, "ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ కొడతా" అనే అలవాటు వద్దు. కోర్సులో అది లెక్కలోకి వస్తుంది. మన ఊరి అమ్మాయి అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది దూరం వల్ల కాదు.

పొడవు, కోత

చాలామందికి షాపులో వచ్చిన 45.75 అంగుళాలు ఎక్కువ. టూర్‌లో చాలామంది 45కి అటూఇటూ ఆడతారు. రూల్ ప్రకారం 48 అంగుళాల దాకా ఉండొచ్చు. 2022 జనవరి నుంచి పెద్ద పోటీల నిర్వాహకులు కావాలనుకుంటే తమ పోటీల్లో దాన్ని 46కి పరిమితం చేయొచ్చు. అంత పొడుగు మనకెందుకు?

కోయకుండానే పరీక్షించే మార్గం ఉంది. గ్రిప్‌ని అర అంగుళం కిందికి పట్టుకుని పది బంతులు కొట్టండి. మార్కర్ మచ్చలు మధ్యకి జరిగితే పొడవు తగ్గించాలన్నమాట. రెండు మూడు రౌండ్లు అలాగే ఆడాకే కోత మాట ఎత్తండి. కోస్తే గ్రిప్ వైపు కోయండి. స్వింగ్ వెయిట్ తగ్గినంత మేర తలలో బరువు వేయాలి, అర అంగుళానికి 6 గ్రాములు. కొస వైపు కోస్తే షాఫ్ట్ బిరుసెక్కుతుంది, ఒకసారి కోశాక వెనక్కి రాదు. ఆ పని ఫిట్టర్ చెప్పకుండా చేయకండి.

సెకండ్ హ్యాండ్ షాఫ్ట్ కొనేటప్పుడు మోసం జరిగేది ఈ కొస కోత దగ్గరే. ఒకసారి నేను కోయనిదని చెప్పి అమ్మినదాన్ని కొన్నాను. మెషిన్ మీద పెడితే పన్నెండు ఎక్కువ చూపించింది. కొస అంగుళం లేపేసి, స్లీవ్ పెట్టి, పొడుగు గ్రిప్‌తో కప్పేశారు. అప్పటి నుంచి స్లీవ్ అంచు దగ్గర నుంచి ముద్రించిన బొమ్మ మొదలయ్యేదాకా ఎంత దూరమో టేపు పెట్టి ఫోటో పంపమని అడుగుతాను. అదే మోడల్ కొత్తదానితో పోల్చితే బండారం బయటపడుతుంది. కాటా మీద బరువు కూడా చూపించమనండి. నకిలీలు ఎక్కువగా దొరికిపోయేది బరువు దగ్గరే.

అతికించడం

స్లీవ్ ఏ కంపెనీ డ్రైవర్‌కి ఆ కంపెనీదే. టైటిలిస్ట్‌ది కాల్వేకి పట్టదు. డ్రైవర్ షాఫ్ట్ కొస మామూలుగా 0.335 అంగుళాలు, హైబ్రిడ్‌ది 0.370, కలిపేసుకోకండి. ఇంట్లో చేసేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. పాత స్లీవ్ తీయాలంటే వేడి లోహానికే తగలాలి, అదీ కొద్దిగా, తర్వాత నిటారుగా లాగే పుల్లర్‌తో లాగాలి. మెలితిప్పకూడదు. మొదటి సంవత్సరం నేను ఒక కస్టమర్ షాఫ్ట్‌ని అలాగే మెలితిప్పాను. చీపురు పుల్లల్లా చీలిపోయింది, కొత్తది కొనిచ్చాను. రెండోది, కోసేటప్పుడు పైపు కట్టర్ వాడకండి, గోడలు నలిగిపోతాయి. టేపు చుట్టి సన్నపళ్ళ రంపంతోనో రాపిడి చక్రంతోనో కోసి, ముక్కుకి మాస్కు పెట్టుకోండి. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎపాక్సీ పెట్టాక ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. సాయంత్రమే ఆడాలని తొందరపడితే తల బంతి కన్నా ముందు పోతుంది.

మారతహళ్ళి కుర్రాడికి ఈ చివరి భాగం అవసరం పడలేదు. టేపు విప్పి చూస్తే మొదటిది, డ్రైవర్‌తో ఊరికే వచ్చిన 56 గ్రాములది. అర అంగుళం కిందికి పట్టుకుని ఇంకో పది కొట్టించాను, వెడల్పు 27కి వచ్చింది. కాసేపు కాగితం వైపే చూశాడు. తర్వాత మిగతా రెండూ బెడ్‌షీట్‌లో చుట్టుకుంటూ, "బావకి ఏం చెప్పమంటారన్నా?" అని అడిగాడు.